సహవిద్యార్థులే నడిపించు వైవిధ్య సంభాషణ: పల్నాటి నేలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రవేశిక

భిన్న కులములకు, మతములకు, ప్రాంతములకు చెందిన కళాశాల విద్యార్థులను ఒక వలయముగా కూర్చుండబెట్టి, అధ్యాపకుడు కాక వారిలోనే ఇద్దరు ఆ సంభాషణను నడిపించు పద్ధతి నేడు విద్యారంగములో మన్నన పొందుచున్నది. ఒకరి అనుభవమును ఒకరు వినుట, వాదించి గెలుచుటకు కాక అర్థము చేసికొనుటకు మాట్లాడుట దాని గురి. మన క్రైస్తవ కళాశాలలు, విద్యార్థి పరిచర్యలు, సంఘ యౌవనస్థుల కూటములు కూడ ఈ పద్ధతిని ఆదరించదగినదిగా తలంచుట సహజమే. విని, మాట్లాడి, సమాధానపడుట సువార్తకు దగ్గరగా ఉన్నట్టు కనబడును గదా.

ఈ వ్యాసములో మేము ఆ పద్ధతిని తోసిపుచ్చుటకు పూనుకొనుట లేదు. అది ఏ షరతులపై పనిచేయునో, అమరావతి నుండి మాచర్ల వరకు గల మన పల్నాటి నేలపై ఆ షరతులు ఎంతవరకు ఉన్నవో పరిశీలించుటయే మా ఉద్దేశ్యము. మా వాదమును రెండు మాటలలో ముందే చెప్పుచున్నాము. మొదటిది, మాట సమానత్వమునకు బదులు కాజాలదు. సమానత్వమునకు ఏర్పాటు చేసిన చోటనే మాట ఫలించును. రెండవది, "నీ సంగతి చెప్పు" అను ఆహ్వానమునకు అందరును ఒకే వెల చెల్లించరు.

1. పద్ధతి, దాని షరతులు

ఈ పద్ధతి వెనుక ఉన్న ఆలోచనకు 1954లో గోర్డన్ ఆల్పోర్ట్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రూపమిచ్చెను. భిన్న వర్గముల వారు కలిసికొన్నంత మాత్రమున ద్వేషము తగ్గదనియు, అందుకు అనుకూలమైన స్థితిగతులు ఉండవలెననియు ఆయన చెప్పెను. తరువాతి పరిశోధకులు వాటిని నాలుగు షరతులుగా చెప్పుకొనుచున్నారు: కలిసినచోట ఇరువురికి సమాన హోదా, ఉమ్మడి లక్ష్యము, పోటీ కాక సహకారము, అధికారుల లేక చట్టము యొక్క మద్దతు. 1988లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయము, తన ఆవరణలో జరిగిన జాతి వివక్ష ఘటనల తరువాత, ఈ ఆలోచనను ఒక బోధనా కార్యక్రమముగా మార్చెను. రెండు వర్గముల నుండి ఇంచుమించు సమాన సంఖ్యలో విద్యార్థులు, వారిని నడిపించుటకు శిక్షణ పొందిన విద్యార్థులు, వారముల తరబడి సాగు కూటములు, చదువులో భాగముగా దానికి గుర్తింపు, ఇవి దాని లక్షణములు.

ఇందులో మేలు లేకపోలేదు. మార్కులు చేతిలో ఉన్న అధ్యాపకుని యెదుట విద్యార్థి నోరు విప్పడు. విప్పినను అధ్యాపకుడు వినగోరినదే చెప్పును. తోటివాడు అడిగినప్పుడు ఆ భయము కొంత తగ్గును. నడిపించు విద్యార్థి కూడ, తన వర్గపు మాటలను బయటినుండి వినుట నేర్చుకొనును. ఈ పద్ధతి గుణము ఇది.

అయితే పై నాలుగు షరతులను మరల చదువవలెను. అవి సంభాషణ పుట్టించు ఫలములు కావు. సంభాషణకు ముందే ఉండవలసినవి. మన చర్చలలో తరచుగా ఈ క్రమము తలక్రిందులగుచున్నది. సమానత్వము లేనిచోట సంభాషణ పెట్టిన సమానత్వము దానంతట అదే వచ్చునని ఆశించుచున్నాము. "వైవిధ్యము" అను మాట కూడ ఈ పొరపాటునకు తోడ్పడుచున్నది. రంగులు వేరైన పూలు ఒక తోటలో ఉన్నట్లు అది వినబడును. మన కులవ్యవస్థ తోట కాదు, నిచ్చెన. మెట్ల మధ్య ఉన్నది తేడా మాత్రమే కాదు, ఎత్తు. ఎత్తును గూర్చి మాట్లాడనీయని సంభాషణ తేడాలను మాత్రము ముచ్చటించి ముగియును.

2. పల్నాటి చాప

ఈ ప్రశ్న మన నేలకు కొత్తది కాదు. 12వ శతాబ్దమునకు చెందినదిగా చెప్పబడు పల్నాటి కథలో మాచర్ల పక్షపు మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులముల వారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెను. అదే చాపకూడు. మాలవాడైన కన్నమదాసు ఆ పక్షమున సేనానియై నిలిచెను. నేటికిని కార్తీక మాసములో కారంపూడిలో జరుగు వీరుల ఉత్సవములలో చాపకూడు ఆచరణలో ఉన్నది. పల్నాటివారు దీనిని గర్వముగా చెప్పుకొందురు. చెప్పుకొనదగినదే.

కాని మా విషయమునకు బ్రహ్మనాయుని కంటె ఆయన కుమారుడు బాలచంద్రుని కథ దగ్గరిది. శ్రీనాథునిదిగా చెప్పబడు పల్నాటి వీరచరిత్రలో ఈ బాలుని వెంట వివిధ కులముల యువకులు సోదరులవలె ఉందురు. వయస్సులో ఒకరికొకరు సమానులు. పెద్దల ఆజ్ఞ లేకుండ తమంతట తామే నడచుకొను గుంపు. నేటి భాషలో చెప్పవలెనన్న, తోటివారే నడిపించుకొన్న బహుకుల బృందము. వారిలో బ్రాహ్మణుడైన అనపోతు ఒకడు. యుద్ధమునకు పోవు వేళ బాలచంద్రుడు ఒక నెపముతో అతనిని వెనుకకు పంపించును. తన వెంట వచ్చి బ్రాహ్మణుడు మరణించినయెడల ఆ దోషము తనకు చుట్టుకొనునని అతని భయము. సంగతి తెలిసిన అనపోతు ప్రాణము తీసికొనును.

ఈ ఘట్టమును స్నేహపు గొప్పతనముగా చదువుట వాడుక. మేము మరియొక విధముగా చదువుచున్నాము. చాపపై అందరు సమానులే. చావు దగ్గరకు వచ్చినప్పుడు మాత్రము ఒకని ప్రాణమునకు ఉన్న వెల తక్కినవారి ప్రాణములకు లేదు. ఇతర కులముల సోదరులను వెనుకకు పంపవలెనన్న తలంపు బాలచంద్రునికి రాలేదు. అతడు చెడ్డవాడు కాడు, ప్రేమ లేనివాడును కాడు. తన గుంపులోని వారందరిని ప్రేమించెను. అయినను చాప క్రింద నేల మారలేదు. గుంపు వెలుపల ఉన్న ధర్మశాస్త్రము గుంపు లోపల తీర్పు చెప్పెను. కలిసి తినుటకు, కలిసి మాట్లాడుటకు ఉన్న హద్దు ఇక్కడ స్పష్టముగా కనబడుచున్నది.

3. అమరావతి శిల

అదే నేలపై దీనికి భిన్నమైన సాక్ష్యమును కూడ చూపవలెను. అమరావతి మహాచైత్యమునకు దానములిచ్చినవారి పేర్లు శిలలపై చెక్కబడి ఉన్నవి. వారిలో విధికుడు అను చర్మకారుడు ఒకడు. తాను ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడనని, తన కుటుంబముతో కలిసి పూర్ణఘటము చెక్కిన ఫలకమును సమర్పించితినని అతని శాసనము తెలుపుచున్నది. తోలుపని చేయువాడు ఉపాధ్యాయుని కుమారుడు. తన వృత్తిని దాచుకొనక, తన పేరుతో, తండ్రి పేరుతో, ఆ మహాచైత్యములోనే నిలిచెను.

ఈ ఒక్క శాసనమును పట్టుకొని ఆనాటి సమాజములో హెచ్చుతగ్గులు లేవని మేము అనజాలము. కాని ఒక సంగతి గమనింపదగినది. విధికుడు ఎవరి యెదుటనో తన కథ చెప్పి సానుభూతి పొందినవాడుగా అక్కడ లేడు. కట్టడములో పాలివాడుగా ఉన్నాడు. పాలు ముందు వచ్చినది. పేరు దాని వెంట వచ్చినది. నేటి మన సంభాషణలు సాధారణముగా పేరు అడిగి, పాలు ఇచ్చుట మరచుచున్నవి.

4. ప్రక్క ప్రక్క సీట్లు

కలిసి కూర్చుండినంత మాత్రమున ఏమగునో మన ప్రాంతపు సమీప చరిత్ర చెప్పుచున్నది. నాటి గుంటూరు జిల్లాలోని చుండూరులో 1991 జూలైలో ఒక చదువుకొన్న దళిత యువకుని కాలు సినిమా హాలులో ముందు సీటులోని అగ్రవర్ణ యువకునికి తగిలినదన్న వివాదము రేగెను. ఆ ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులు హతులైరి. ఆ గ్రామములోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానము 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించెను; 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసెను. ఈ విషాదములో విద్య, యౌవనము, ఒకే హాలు, ఒకే తెర, అన్నియు ఉమ్మడిగానే ఉన్నవి. సమాన హోదా మాత్రము లేదు. దళిత యువకుడు చదువుకొని సమానుడుగా కూర్చుండుటయే నేరమైనది.

దీనికి బదులు మంచి సంపర్కము వేరు గదా అని అడుగవచ్చును. నిజమే. మాట్ లో అను ఆర్థిక శాస్త్రజ్ఞుడు ఉత్తరప్రదేశ్‌లో భిన్న కులముల యువకులతో క్రికెట్ పోటీలు నడిపి చేసిన అధ్యయనము 2021లో ప్రచురితమైనది. అందులో 1,261 మంది యువకులు ఉన్నారు. ఒకే జట్టులో కలిసి ఆడినవారిలో కులాంతర స్నేహములు పెరిగెను. ఎదిరి జట్టులో ఇతర కులముల వారిని ఎదుర్కొన్న వారిలో ఆ స్నేహములు తగ్గెను. అదే ఆట, అదే మైదానము, అదే వయస్సు. ఏర్పాటు మారగానే ఫలము మారెను.

ఇప్పుడు మన కళాశాలల ఏర్పాటును చూడుము. నరసరావుపేటలోనైనను, గురజాలలోనైనను, పగలు ఒకే తరగతిలో కూర్చుండు పేద విద్యార్థులు రాత్రి ఎక్కడ నిద్రించుచున్నారు? ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ శాఖల వసతి గృహములు వేరువేరు. ఆ వసతి గృహములు లేకపోయిన వేలమంది బిడ్డలు చదువే ఎరుగకపోయెడివారు. వాటి మేలును మేము తక్కువ చేయుట లేదు. అయినను, "ఏ హాస్టలు?" అను ఒక్క ప్రశ్నతో కులము బయటపడు చోట, వారమునకు ఒక గంట వలయము వేసి అందరు సమానులమనుట ఎంతవరకు నిలుచును? ఆ గంటలో చెప్పిన మాట మిగిలిన దినములలో వానిని వెంటాడదని ఎవరు హామీ ఇత్తురు?

5. చెప్పరాని పేరు

ఇక మన సంఘములకు మిక్కిలి సమీపమైన చిక్కునకు వత్తుము. సహవిద్యార్థి సంభాషణలలో మొదటి మెట్టు సాధారణముగా తన్ను తాను పరిచయము చేసికొనుట: నా కుటుంబము, నా కులము, నా విశ్వాసము. మిషిగన్‌లో ఒక విద్యార్థి తాను బాప్టిస్టునని చెప్పిన చట్టము దృష్టిలో అతడు కోల్పోవునది ఏమియు లేదు. పల్నాటిలో అట్లు కాదు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించెను. క్రైస్తవులకు, ముస్లిములకు విస్తరించలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఈ మతపరమైన కట్టుబాటును తొలగింపవలెనని సిఫారసు చేసినను అది అమలు కాలేదు. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైన వారు బీసీ-సి వర్గములో చేర్చబడిరి. వారి వాటా 1 శాతము. క్రైస్తవ విశ్వాసమును స్వీకరించినవాడు అత్యాచార నిరోధక చట్టపు రక్షణ కోరజాలడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో తీర్పిచ్చెను.

ఈ స్థితిలో ఆదివారము ఆరాధనకు వచ్చు ఒక ఎస్సీ విద్యార్థి వలయములో కూర్చుండెననుకొందము. నడిపించువాడు స్నేహముగానే అడుగును: "నీ విశ్వాసము నీకు ఏమి ఇచ్చినది?" నిజము చెప్పిన సీటు, ఉపకారవేతనము, చట్టరక్షణ ప్రశ్నార్థకము కావచ్చును. చెప్పకున్న ఆ సంభాషణకు ప్రాణమైన నిజాయితీ పోవును. ప్రక్కనున్న అగ్రవర్ణ విద్యార్థికి అదే ప్రశ్న ఒక సాయంకాలపు ముచ్చట. ఇద్దరికి ఒకే ప్రశ్న, ఒకే సమయము, ఒకే కుర్చీ. పందెము మాత్రము ఒకటి కాదు. అటువంటి విద్యార్థి మౌనమును మొగమాటమనియు, పాల్గొనలేదనియు గుర్తు వేయు కార్యక్రమము అన్యాయము చేయుచున్నది.

ధ్రువపత్రము ఎంత లోతుగా మనిషిని వెంటాడునో హైదరాబాదు విశ్వవిద్యాలయములో జరిగినది చూపుచున్నది. గుంటూరునకు చెందిన పరిశోధక విద్యార్థి వేముల రోహిత్ 2016 జనవరి 17న మరణించెను. అతడు ఏ స్థితిలో మరణించెనను ప్రశ్న కంటె అతడు ఏ కులస్థుడను ప్రశ్న ఏండ్ల తరబడి ఎక్కువగా చర్చింపబడెను. మరణించినవానినే పత్రము చూపుమని అడుగు సమాజములో, బ్రదికియున్నవాడు తన సంగతి చెప్పుటకు జంకుట ఆశ్చర్యము కాదు.

6. ఎవరు ఎవరికి నేర్పవలెను?

మరియొక చిక్కు బోధనాభారమునకు సంబంధించినది. ఇట్టి కూటములలో తన గాయమును విప్పి చూపవలసినవాడు ఎవరు? విని, చలించి, "ఇంతవరకు నాకు తెలియదు" అని ఇంటికి పోవువాడు ఎవరు? ఒకని బాధ మరియొకని పాఠ్యపుస్తకమగుచున్నది. విన్నవాడు ఎదుగును; చెప్పినవాడు తిరిగి అదే హాస్టలునకు పోవును.

ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో వెలువరించిన మాలపల్లి నవలలో చౌదరయ్య ఇంట పనిచేయు సంగదాసునకు, ఆ ఇంటి కుమారుడు రామానాయుడునకు మధ్య స్నేహము ఉన్నది. ఇద్దరు యువకులు, మనసు విప్పి మాట్లాడుకొందురు. రామానాయుడు మారెను. కాని సంగదాసు చౌదరయ్య దెబ్బకు మరణించెను. సంభాషణ కుమారుని మార్చగలిగెను గాని, కూలి నిర్ణయించు తండ్రి చేతిని ఆపలేకపోయెను. రచయిత ఉద్దేశ్యము ఏమైనను, స్నేహమునకును అధికారమునకును మధ్యనున్న దూరమును ఈ కథ దాచలేదు. కళాశాలలో చౌదరయ్య స్థానమున ఉన్నది వ్యవస్థ: ప్రవేశములు, మార్కులు, హాస్టళ్లు, ఫిర్యాదుల పరిష్కారము. విద్యార్థులు ఎంత చక్కగా మాట్లాడుకొన్నను వాటిపై వారికి అధికారము లేదు.

వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ 1941 నాటి గబ్బిలములో తన కథానాయకుని వేదనను ఒక గబ్బిలముతో చెప్పించెను. మాట్లాడుటకు ఆ మనిషికి తోటి మనిషి లేడు. గుడిలోనికి తాను పోలేడు, గబ్బిలము పోగలదు. సంభాషణను కొనియాడు మనము ఈ కావ్యమును ఒక ప్రశ్నగా చదువవలెను: ఆ మనిషికి కొరవడినది మాటయా, లేక తలుపా? తలుపు మూసియుంచి గోడకు ఒక రంధ్రము చేసి, ఇక మాట్లాడుకొనుడనుట సంభాషణ కాదు.

7. లేఖనముల వెలుగులో

ఆదిమ సంఘమునకు ఇటువంటి సమస్య రెండు మారులు ఎదురయ్యెను. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో గ్రీకుభాష మాట్లాడు యూదుల విధవరాండ్రు అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూడబడిరి. సణుగు పుట్టెను. అపొస్తలులు రెండు పక్షములను కూర్చుండబెట్టి ఒకరి మనసు ఒకరు తెలిసికొనుడని చెప్పి ఊరకుండలేదు. ఏడుగురిని ఏర్పరచి పని అప్పగించిరి. స్తెఫను మొదలుకొని నీకొలాసు వరకు ఆ ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. నష్టపోయిన పక్షము చేతికే వడ్డించు అధికారము వచ్చెనని ఇందునుబట్టి గ్రహింపవచ్చును. మాట ఏర్పాటుగా మారెను.

గలతీ పత్రిక 2వ అధ్యాయములో అంతియొకయలో కేఫా అన్యజనులతో భోజనము చేయుచుండి, కొందరు రాగానే వెనుకకు తీసెను. బర్నబా సహితము అతని వెంట పోయెను. పౌలు కేఫాను అందరి యెదుట నిలదీసెను. ఇది సాటివారి మధ్య జరిగిన సంభాషణయే; ఒక అపొస్తలుడు మరియొక అపొస్తలునితో. అయితే వెనుకకు తీసినవానిని ప్రశ్నించిన భారము అవమానింపబడిన అన్యజనులపై పడలేదు. అదే బల్ల యొద్ద గౌరవము గల యూదుడు దానిని మోసెను. మన కళాశాలలలో ఆ భారమును ఎవరు మోయవలెనో దీనినిబట్టి స్పష్టమగుచున్నది.

8. మన సంఘములు, కొన్ని సూచనలు

కళాశాలలకు చెప్పుటకు ముందు మన ఇల్లు చూచుకొనవలెను. 1842లో గుంటూరునకు వచ్చిన జాన్ హేయర్ 1849లో గురజాలలో పని ఆరంభించెను. నాటినుండి నేటివరకు మన సంఘముల చరిత్రలో పాఠశాలలు, ఆసుపత్రులు ఉన్నవి. వాటితోపాటు మాల సంఘము, మాదిగ సంఘము అను మాటలును ఉన్నవి. 1994లో దండోరా ఉద్యమము లేవనెత్తిన వర్గీకరణ ప్రశ్నపై 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. 2025లో మన రాష్ట్రము షెడ్యూల్డు కులములను మూడు వర్గములుగా విభజించెను. ఈ విషయమున మన యౌవనస్థులు రెండు పక్షములై యున్నారు. వివాహ సంబంధములలో కులము చూచు విశ్వాసి, కళాశాలలో వైవిధ్యమును గూర్చి ఉపన్యసించుట వ్యర్థము.

ఈ పరిశీలన ఆధారముగా కొన్ని సూచనలు చేయుచున్నాము. మొదట, ఎవరిని గాని కులము, మతము చెప్పుమని అడుగుటతో కూటము ఆరంభింపరాదు. మౌనముగా ఉండు హక్కును ముందే ప్రకటింపవలెను. రెండవది, నడిపించు ఇద్దరు విద్యార్థులు భిన్న వర్గముల వారై, తగిన శిక్షణ పొందినవారై యుండవలెను. తన వర్గపు తప్పును తానే ఎత్తి చూపుట పైవర్గమునుండి వచ్చిన నాయకుని పనిగా ఉండవలెను. మూడవది, మాటతోపాటు చేతికి ఉమ్మడి పని ఉండవలెను: మెస్ నిర్వహణయో, చదువులో వెనుకబడినవారికి పాఠములో, పల్లెలలో సేవయో. ఒకే జట్టులో ఆడినవారే స్నేహితులైరని పైన చూచితిమి. నాల్గవది, కూటములో బయటపడిన అన్యాయము, చెప్పినవాని సమ్మతితో, పేరు లేకుండ అధికారులకు చేరవలెను. వారు ఏమి చేసిరో తిరిగి కూటమునకు తెలుపవలెను. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2012లోనే వివక్ష నిరోధక అధికారిని నియమింపవలెనని నిబంధనలు చేసెను. అట్టి మార్గము లేనిచోట సంభాషణ ఆరంభింపకుండుటయే మేలు. గాయము విప్పించి మందు ఇయ్యకుండుట దయ కాదు.

ముగింపు

సహవిద్యార్థి సంభాషణ మంచి పనిముట్టు. పనిముట్టును పంటగా భ్రమించుట వలననే కీడు కలుగుచున్నది. బ్రహ్మనాయుని చాప గొప్పది గాని అనపోతు ప్రాణమునకు, ఇతర సోదరుల ప్రాణములకు ఒకే వెల కట్టలేకపోయెను. విధికుని ఫలకములో పేరునకు ముందు పాలు ఉన్నది. యెరూషలేములో సణుగునకు జవాబుగా ఏడుగురు నియమింపబడిరి. కాబట్టి కళాశాలలు గాని, మన యౌవన కూటములు గాని ఈ పద్ధతిని చేపట్టునప్పుడు, ఎంతమంది మాట్లాడిరి, ఎంతమంది కన్నీరు కార్చిరి అని లెక్కింపక, సంవత్సరాంతమున ఏ నియమము మారినది, ఎవరి చేతికి ఏ బాధ్యత వచ్చినది అని అడుగవలెను. అడుగుటకు ధైర్యము లేనియెడల, తన సంగతి చెప్పుమని ఏ బిడ్డను పిలువకుందము.